పెద్ద చెట్టుకు కొమ్మలు తీసేటప్పుడు పైన ఏం జరుగుతుంది?

పెరట్లో పెద్ద చెట్టుకు కొమ్మలు తీయిస్తున్న రోజున కింద నిలబడి చూసేవాళ్లకు కొన్ని సంగతులు వింతగా తోస్తాయి. పైకెక్కిన మనిషి చాలాసేపు రంపం బయటికే తీయడు. తీశాక కూడా కొమ్మను ఒక్క కోతతో తెంచక, ముందు కింది వైపు నుంచి సగం కూడా లోతు లేని కోత ఒకటి పెడతాడు. ఆఖరికి మాను పక్కన చిన్న బొడిపె వదిలేస్తాడు. నున్నగా కోయడం చేతకాలేదేమో అనిపిస్తుంది. సాయంత్రానికి కింద కొమ్మలు గుట్టగా పడినా, చెట్టు మాత్రం పొద్దున ఎలా ఉందో ఇంచుమించు అలాగే కనిపిస్తుంది. అసలు పని జరిగిందా అన్న అనుమానం అక్కడే పుడుతుంది.

నిజానికి అక్కడ రెండు లెక్కలు నడుస్తుంటాయి. చెట్టు గాయాన్ని ఎలా తట్టుకుంటుందన్నది ఒకటి. గాలిలో ఉన్న బరువు నేలకు ఎలా దిగుతుందన్నది రెండోది. ఆర్బరిస్టు, అంటే చెట్ల సంరక్షణలో శిక్షణ పొందిన మనిషి, పైన కూర్చుని ఈ రెంటినీ కలిపి చేస్తుంటాడు. ఆ లెక్కలు తెలిస్తే పైన చెప్పిన వింతలేవీ వింతలుగా ఉండవు.

చెట్టుకు గాయం మానదు, మూసుకుంటుంది

మన చర్మం తెగితే తెగినచోటే కొత్త కణాలు పుట్టి పాతవాటి స్థానంలోకి వస్తాయి. చెట్టుకు ఆ వీలు లేదు. తెగిన చెక్క తెగినట్టే ఉండిపోతుంది. చెట్టు చేయగలిగింది దాన్ని గోడలు కట్టి వేరుచేయడం, పైనుంచి కొత్త చెక్కతో కప్పేయడం. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను నిలువునా కోసి చూసి, 1970లలో ఈ పద్ధతిని నాలుగు గోడలుగా వివరించాడు. మొదటి గోడ కుళ్లు పైకీ కిందికీ పాకకుండా నీటి గొట్టాలను బిరడా వేసినట్టు మూస్తుంది. అన్నిటిలోకీ బలహీనమైనది ఇదే, అందుకే పుచ్చు నిలువుగా ఎక్కువ దూరం పోతుంది. రెండోది లోపలికి పోకుండా, మూడోది పక్కలకు పోకుండా ఆపేవి. ఈ మూడూ గాయమైననాటికే ఉన్న చెక్కలోవి. నాలుగోది గాయం తర్వాత బెరడు కింద కొత్తగా పుట్టే పొర. బలమైనది అదే. తొర్ర పడిన చెట్టు కూడా బయటివైపు దశాబ్దాలపాటు పచ్చగా పెరగడానికి కారణం అదే.

దీన్నిబట్టి గాయం సైజు ఎంత ముఖ్యమో తెలుస్తుంది. 5 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న కోత వైశాల్యం దాదాపు 20 చదరపు సెంటీమీటర్లు. 20 సెంటీమీటర్ల కోతది 314. అడ్డుకొలత నాలుగింతలైతే గాయం పదహారింతలైంది. పైగా చిన్న కొమ్మలో ఎక్కువభాగం ప్రాణమున్న లేత చెక్క, అది గోడలు కట్టగలదు. పెద్ద కొమ్మ నడుమ ఉండేది చేవ. గట్టిదే, కానీ ప్రాణం లేనిది కాబట్టి కొత్తగా ఎదురు నిలవలేదు. విల్లో, పాప్లార్ వంటివి గోడలు కట్టడంలో వెనకబడినవి, ఓక్ వంటివి మెరుగు. కాబట్టి కొందరు నిపుణులు మొదటి రకం చెట్లకు 5 సెంటీమీటర్లు, రెండో రకానికి 10 సెంటీమీటర్లు దాటిన కోత వీలైనంతవరకు పెట్టరు.

ఆ బొడిపె ఎందుకు వదిలాడు

కొమ్మ మానులో కలిసేచోట మొదలు చుట్టూ కొంచెం ఉబ్బు ఉంటుంది. దాన్ని కాలర్ అంటారు. ఆ ఉబ్బు కొమ్మది కాదు, మానుది. మాను చెక్క కొమ్మ మొదలును చుట్టుకుని ఏర్పడినది. పంగ పైభాగంలో బెరడు ముడుచుకుని సన్నని గట్టులా లేచి ఉంటుంది. సరైన కోత ఆ గట్టుకు బయట మొదలై, కాలర్‌కు బయటే ముగుస్తుంది. కాలర్ కొన్ని చెట్లలో స్పష్టంగా కనబడుతుంది, కొన్నిట్లో వేలితో తడిమితే తప్ప తెలియదు.

నున్నగా, మానుతో సమంగా కోస్తే చూపుకు శుభ్రంగా ఉంటుంది. కానీ కాలర్ పోతుంది, మాను చెక్కే తెగుతుంది, గాయం కొమ్మ మందం కంటే బాగా పెద్దదవుతుంది. అటు మరీ దూరంగా కోసి మూరెడు మొండి వదిలినా తప్పే. ఆకులు లేని ఆ మొండి ఎండి చస్తుంది, కొత్త చెక్క దాన్ని దాటి మూసుకోలేదు, పుచ్చుకు అదే దారి. బొడిపె అంటున్నది ఈ మొండిని కాదు, కాలర్‌ను.

ఒకే కోతతో పైనుంచి కోస్తే ఏమవుతుందో ఊహించడం తేలికే. సగం తెగేసరికి కొమ్మ తన బరువుకే వంగి విరుగుతుంది. కింది వైపు బెరడు మాను మీదుగా పేలికలా చీలుతూ దిగుతుంది. ఆ చీలిక ఒక్కోసారి మీటరు పొడవుంటుంది. దాన్ని తప్పించేందుకే మూడు కోతలు. మొదటిది మానుకు 30 సెంటీమీటర్ల దూరంలో, కింది నుంచి, కొమ్మ మందంలో పావువంతు నుంచి మూడోవంతు లోతు. రెండోది దానికి కొన్ని సెంటీమీటర్లు బయటగా, పైనుంచి పూర్తిగా. ఇప్పుడు కొమ్మ విరిగినా చీలిక కింది కోత దగ్గర ఆగిపోతుంది. మిగిలిన తేలికైన మొండిని మూడో కోత కాలర్ బయట తీసేస్తుంది. కింది కోత మరీ లోతుగా పోతే కొమ్మ బరువుకు సందు మూసుకుని రంపం పట్టేస్తుంది. పావువంతు, మూడోవంతు అన్న కొలత వెనకున్న సంగతి అదే.

కోసినచోట రంగో తారో పూయకపోవడం చూసి చాలామంది నిర్లక్ష్యం అనుకుంటారు. ఒకప్పుడు పూసేవాళ్లు. అది కుళ్లును ఆపదని, కొన్నిసార్లు తేమను లోపలే పట్టి ఉంచుతుందని తేలాక మానేశారు. ఒక మినహాయింపు మిగిలింది. ఓక్ చెట్లను ఎండగొట్టే ఓక్ విల్ట్ అనే శిలీంధ్రపు తెగులు ఉన్న ప్రాంతాల్లో, దాన్ని మోసే పురుగులు పచ్చి గాయం వాసనకు వస్తాయి కాబట్టి, వెంటనే పలచగా రంగు పూస్తారు.

ఎంత తీస్తే ఎక్కువ

కొమ్మలు తీయడం అని ఒక్క మాటతో పిలిచే పనిలో వేరువేరు పనులున్నాయి. ఎండుకొమ్మలు ఏరడం అన్నిటికన్నా నిరపాయకరం. దారికో కప్పుకో అడ్డొచ్చే కింది కొమ్మలు తీసి గుబురును పైకి లేపడం రెండోది. అక్కడక్కడ రెమ్మలు తీసి పలచన చేయడం మూడోది. కొనలను వెనక్కి తెచ్చి చెట్టు సైజు తగ్గించడం నాలుగోది. కష్టమైనది నాలుగోదే. తగ్గించేటప్పుడు కొనను ఎక్కడపడితే అక్కడ తెంచరు, పక్కకు చీలిన ఒక రెమ్మ దగ్గర కోస్తారు. ఆ రెమ్మ మందం కోసే కొమ్మ మందంలో కనీసం మూడోవంతు ఉండాలన్నది వాడుక నియమం. కోతచోట కొమ్మ 9 సెంటీమీటర్లుంటే, మిగిలే రెమ్మ 3 సెంటీమీటర్లయినా ఉండాలి. ఆ రెమ్మే ఇకపై కొనగా పనిచేసి, మిగిలిన భాగానికి ఆహారం పంపాలి. పుల్లంత రెమ్మ దగ్గర కోస్తే కొమ్మ క్రమంగా చస్తుంది, లేదంటే చుట్టూ పిలకలు గుప్పున లేస్తాయి.

ఒక ఏడాదిలో మొత్తం ఆకులో పావువంతుకు మించి తీయకూడదన్నది చాలాకాలంగా చెప్పే హద్దు. అది చేరుకోవాల్సిన లెక్క కాదు, గరిష్ఠం. కుర్రచెట్టు అంత తట్టుకుంటుంది. ముసలి చెట్టుకు పదోవంతే ఎక్కువ కావచ్చు, ఎందుకంటే దాని దగ్గర నిల్వ తక్కువ, పోషించాల్సిన చెక్క ఎక్కువ. చెట్టుకు ఆకే వంటిల్లు. సాయంత్రానికి చెట్టు పెద్దగా మారినట్టు కనిపించకపోవడం చాలాసార్లు మంచి పనికి గుర్తు.

దీనికి పూర్తి వ్యతిరేకం తల నరికి మోడు చేయడం. ఎత్తు తగ్గిందన్న తృప్తి ఒకటి రెండేళ్లే ఉంటుంది. ఆకులన్నీ పోయిన చెట్టు నిల్వనంతా ఖర్చుపెట్టి కోతల చుట్టూ పదుల కొద్దీ పిలకలు తోస్తుంది. మామూలు కొమ్మ చెక్క మానులో ఏటేటా పొరలుగా అల్లుకుపోయి ఉంటుంది. ఈ పిలకలు బెరడు కింది పొర నుంచే పుడతాయి, పట్టు పైపైనే. వాటి కిందేమో కోత నుంచి కుళ్లు దిగుతూ ఉంటుంది. కొన్నేళ్లలో చెట్టు పాత ఎత్తుకు చేరుతుంది, ఈసారి బలహీనమైన అతుకుల మీద.

చూపుకు ఇలాగే ఉండే మరో పద్ధతి యూరప్‌లో పాతకాలం నుంచి ఉంది, పొలార్డింగ్. దాన్నీ దీన్నీ కలపకూడదు. పొలార్డింగ్ చెట్టు చిన్నగా ఉన్నప్పుడే మొదలవుతుంది, కోతలు చిన్నవి. ఆ తర్వాత కొన్నేళ్లకోసారి అదే ముడుల దగ్గర కొత్త రెమ్మలు మాత్రమే తీస్తారు, ముడిని ముట్టరు. పెద్దచెట్టు తల ఒక్కసారిగా నరికి దానికి ఆ పేరు పెడితే సరిపోదు.

పలచన చేస్తే గాలికి పడదా?

దీనిమీద పనివాళ్లలోనే రెండు వాదాలున్నాయి. గుబురు తెరచాపలాంటిది, సందులు చేస్తే గాలి దూరిపోతుంది, కాబట్టి పలచన చేయాలనేది పాతవాదం. అందులో కొంత నిజముంది, ఆకు తగ్గితే గాలి ఒత్తిడీ తగ్గుతుంది. రెండో వాదం ఊగడం గురించి మాట్లాడుతుంది. లోపలి చిన్న కొమ్మలు తలో తీరున ఊగి ఒకదాని ఊపును ఇంకొకటి తినేస్తాయి. వాటిని తీసేస్తే కొమ్మ మొత్తం ఒకే కొరడాలా ఊగుతుంది. లోపలంతా గీకేసి కొనలో మాత్రం కుచ్చు మిగిల్చే పనిని సింహం తోకతో పోలుస్తారు. బరువంతా కొనకు చేరడంతో విరిగే అవకాశం పెరుగుతుంది.

లెక్క వేసి చూస్తే ఎక్కడ తీశారన్నది ఎంత తీశారన్నదానికంటే ముఖ్యమని తెలుస్తుంది. 8 మీటర్ల కొమ్మ మీద ఆకు 30 పాళ్లు ఉందనుకుందాం. మానుకు 3 మీటర్ల దూరంలో 10, 5 మీటర్ల దగ్గర 10, 7 మీటర్ల దగ్గర 10. కొమ్మ మొదట పడే వంపుబలం దూరాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి మొత్తం 30, 50, 70 కలిపి 150. లోపలి నుంచి 5 పాళ్లు తీస్తే 15 తగ్గింది, అంటే పదోవంతు. అవే 5 పాళ్లు కొన నుంచి తీస్తే 35 తగ్గింది, అంటే 23 శాతం. తీసిన ఆకు రెండుచోట్లా సమానమే. పైకెక్కిన మనిషి తేలికగా అందే లోపలి రెమ్మలు వదిలి, ప్రమాదకరంగా కొమ్మ చివరిదాకా నడిచి చిన్న చిన్న కోతలు పెట్టడం ఇందుకే. అయితే కొనలు కోయడమంటే ఎక్కువ గాయాలు, ఎక్కువ సమయం. తుఫాను గాలికి గురికాని చెట్టుకు అసలు ఇదేమీ అవసరం లేదనే నిపుణులూ ఉన్నారు, వాళ్ల మాట కొట్టిపారేయదగ్గది కాదు.

తొర్ర ఉన్న చెట్టు సంగతి

తొర్ర కనబడగానే చెట్టును కొట్టేయాలనుకోవడం సహజం. కానీ వంగేటప్పుడు బలాన్ని మోసేది ఎక్కువగా బయటి చెక్క. బోలు లేని అంతే లావు మానుతో పోలిస్తే ఒక గొట్టం వంపును తట్టుకునే శక్తి, లోపలి అడ్డుకొలతను బయటి అడ్డుకొలతతో భాగించి దాని నాలుగో ఘాతాన్ని ఒకటి నుంచి తీసేసినంత. తొర్ర మాను వెడల్పులో సగం ఉంటే పోయేది 6 శాతమే. పదింట ఏడు వంతులుంటే 24 శాతం. తొమ్మిది వంతులుంటే మూడింట రెండు వంతుల బలం పోతుంది. జర్మన్ శాస్త్రవేత్త క్లాస్ మాథెక్ పరిశీలనల నుంచి వచ్చిన ప్రసిద్ధ నియమం మంచి చెక్క మందం మాను వ్యాసార్థంలో 30 శాతానికి తగ్గకూడదంటుంది. అంటే సరిగ్గా ఆ పదింట ఏడు దగ్గర గీత.

ఈ గీతను అందరూ ఒప్పుకోరు. అంతకంటే పలచని గోడతో నిలిచిన ముసలి చెట్లు చాలా ఉన్నాయి, గుబురు చిన్నదైతే మోయాల్సిన భారమూ తక్కువ కదా అంటారు. మరోవైపు, తొర్రకు పక్కన నోరు తెరిచి ఉంటే, లేదా చెక్కలో నిలువు పగులుంటే పై లెక్క వర్తించదు, గోడ మందంగా ఉన్నా చీలిపోతుంది. కాబట్టి పైకెక్కేముందు మాను చుట్టూ తిరిగి సుత్తితో తట్టి వినడం, అనుమానమొస్తే సన్నని సూదిలాంటి డ్రిల్‌తో లోపలి గట్టిదనం కొలవడం జరుగుతుంది. రెండు సమానమైన మానులు ఇరుకైన పంగలో కలిసి, నడుమ బెరడు చిక్కుకుపోయి ఉంటే దాన్నీ గమనిస్తారు. అక్కడ చెక్క చెక్కతో కలవదు. పెద్దగాలికి చెట్టు రెండుగా చీలేది చాలాసార్లు ఆ గీత వెంటే.

రంపం తీయని ఆ అరగంట

సన్నని దారానికి 250 నుంచి 450 గ్రాముల బరువు సంచి కట్టి, ఎంచుకున్న పంగ మీదుగా పడేలా విసురుతారు. దాంతో 11 నుంచి 13 మిల్లీమీటర్ల ఎక్కే తాడును పైకి లాగుతారు. ఎక్కేముందు ఇద్దరు కలిసి కింది నుంచే తాడుకు వేలాడి చూస్తారు. విరిగేదైతే మనిషి పైకి పోకముందే విరగాలి.

ఎక్కడానికి రెండు పద్ధతులు. మొదటిదాంట్లో తాడు పంగ మీదుగా మడిచి ఉంటుంది, మనిషితోపాటు కదులుతుంది. మీటరు పైకి పోవాలంటే రెండు మీటర్ల తాడు లాగాలి. పంగ మీద పడేది మనిషి బరువంతే. తాడు రాపిడికి బెరడు అరగకుండా పంగకు పట్టీ వేస్తారు. రెండోదాంట్లో తాడు నిలకడగా ఉంటుంది, మనిషి దానిమీద పాకుతాడు. త్వరగా, తక్కువ అలసటతో ఎక్కవచ్చు. కానీ తాడు రెండో కొసను మాను మొదట్లో కట్టినప్పుడు పంగ మీద బరువు రెట్టింపవుతుంది. 80 కిలోల మనిషికి పంగ దాదాపు 160 కిలోలు మోస్తుంది. రెండో పద్ధతి ఆధునికమనీ మొదటిది పాతబడిందనీ అంటుంటారు గానీ, పంగ సన్నగా ఉన్నచోట పాతదే మేలు.

కోసేటప్పుడు ఎక్కే తాడు ఒక్కటే చాలదు. నడుముకు కట్టిన పొట్టితాడును కొమ్మ చుట్టూ తిప్పి రెండోచోట కూడా కట్టుకుంటారు. రంపం జారి ఒక తాడు తెగినా ఇంకొకటి పట్టుకుంటుంది. ఇక బూట్లకు ఇనుప ముళ్లు తొడుక్కుని ఎక్కుతున్నాడంటే ఆ చెట్టును పూర్తిగా కొట్టేస్తూ ఉండాలి. బతకాల్సిన చెట్టు మీద ప్రతి అడుగూ ఒక గాయమే. కింద నిలబడినవాళ్లు పనితనాన్ని పసిగట్టడానికి ఇంతకంటే సులువైన గుర్తు లేదు.

ముక్క చిన్నదైతే ఎందుకంత తేడా

కప్పు మీదో గోడ మీదో ఉన్న కొమ్మను తెంచి వదిలేయలేరు. చెట్టుకు కప్పీ కట్టి, తాడును దాని గుండా పోనిచ్చి, మాను మొదట్లో బిగించిన లోహపు గొట్టానికి రెండు మూడు చుట్లు తిప్పుతారు. ఆ చుట్ల రాపిడే బ్రేకు. కొమ్మను మొదలు దగ్గర కడితే కొన ముందు వాలుతుంది, కొన దగ్గర కడితే మొదలు ఊగి దిగుతుంది. కింద గాజు పైకప్పు ఉంటే రెండుచోట్లా కట్టి సమంగా దించుతారు.

అందరికంటే నిశ్శబ్దంగా ఉండే, కింద తాడు పట్టే మనిషి పనే ఇక్కడ కీలకం. 40 సెంటీమీటర్ల అడ్డుకొలత, మీటరు పొడవున్న దుంగ పరిమాణం 0.126 ఘనపు మీటర్లు. పచ్చిచెక్క ఘనపు మీటరుకు 900 కిలోలనుకుంటే బరువు 113 కిలోలు. మానును పైనుంచి ముక్కలుగా కోసేటప్పుడు కప్పీ కోతకు కిందనే ఉంటుంది కాబట్టి దుంగ ముందు కొంత పడ్డాకే తాడు బిగుస్తుంది. ఒకటిన్నర మీటర్లు పడ్డాక తాడును గట్టిగా పట్టి 30 సెంటీమీటర్లలో ఆపాడనుకుందాం. ఆపే దూరంలో తాడు మీద సగటు బలం, మొత్తం దిగిన 1.8 మీటర్లను 0.3తో భాగించినంత, అంటే బరువుకు ఆరింతలు. 680 కిలోల దాకా వచ్చింది. కప్పీ మీద తాడు రెండు పాయలూ లాగుతాయి కాబట్టి చెట్టుకు తగిలేది దానికి దాదాపు రెట్టింపు. ఒక్కక్షణం పాటు వచ్చే గరిష్ఠం ఇంకా ఎక్కువే. అదే దుంగను తాడు జారనిస్తూ మరో ఒకటిన్నర మీటర్లలో ఆపితే బలం బరువుకు రెండింతలే, 226 కిలోలు. పొడవు సగానికి కోస్తే ఆ అంకెలన్నీ సగమవుతాయి, పడే దూరం తగ్గడంతో ఇంకా దిగుతాయి. పైనున్న మనిషి చీటికీమాటికీ చిన్న ముక్కలు కోస్తున్నాడంటే బద్ధకంతో కాదు. ఆ కుదుపు తగిలేది అతను కట్టుకుని ఉన్న అదే మానుకు.

నిలువుగా ఉన్న కొననో మానునో ఒకవైపు వాల్చేటప్పుడు ముందువైపు నోరులా గంటు పెట్టి, వెనక నుంచి కోస్తూ నడుమ సన్నని చెక్క మిగిలిస్తారు. అది తలుపు బందులా పనిచేస్తుంది. మందం అడ్డుకొలతలో పదోవంతు, 30 సెంటీమీటర్లకు 3. పూర్తిగా తెంచేస్తే ముక్క ఎటు పడుతుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు. ఎక్కువ వదిలితే, ముఖ్యంగా ముందుకు బాగా వాలిన కొమ్మలో, వెనకభాగం నిలువునా చీలి పైకి లేచి కోసేవాడిని కొడుతుంది. ఈ పనిలో భయపడే ప్రమాదాల్లో ఇదొకటి. రెండోది రంపం పలక ముక్కు పైభాగం ఏదైనా కొమ్మకు తగిలి ముఖం మీదికి ఎగరడం. చిన్న చైన్‌సాను ఒంటిచేత్తో వాడటం తరచూ కనిపిస్తుంది, అప్పుడా ఎగురును ఆపడానికి రెండో చెయ్యి ఉండదు. తయారీదారులు రెండు చేతులతో పట్టుకోమంటారు. కొన్ని మూలల్లో ఒక చేత్తో తప్ప అందదని ఎక్కేవాళ్లంటారు. అలాంటిచోట చేతిరంపమే సమాధానమనే మూడో మాట కూడా ఉంది.

కొమ్మ పడే ముందు పైనుంచి ఒక కేక, కింది నుంచి బదులు వచ్చాకే ఆఖరి కోత. బదులు రాకపోతే రంపం ఆగుతుంది. చూసేవాళ్లు ఉండాల్సింది ఆ పడేచోటుకు బయట, చెట్టునే మొత్తంగా పడగొడుతుంటే దాని ఎత్తుకు రెండింతల దూరంలో.

ఏడాది తర్వాత కనిపించేది

ఎప్పుడు తీయాలన్నదానిపై కచ్చితమైన ఒకే జవాబు లేదు. కొత్త ఆకు తొడిగే వారాల్లో నిల్వ అడుగంటి ఉంటుంది కాబట్టి అప్పుడు పెద్ద కోతలు పెట్టరు. ఎండుకొమ్మలకు కాలంతో పనిలేదు. బిర్చ్, మేపుల్ వంటివి వసంతానికి ముందు కోస్తే ధారగా నీరు కారుస్తాయి, చూడ్డానికి భయమేస్తుంది గానీ చెట్టుకు హాని తక్కువ. గూళ్లలో పిల్లలున్న రోజుల్లో పని వాయిదా వేస్తారు.

కోత ఎలా పెట్టారో తర్వాతి పెరుగుదల కాలం ముగిసేసరికి చెట్టే చూపిస్తుంది. కాలర్ మిగిలిన గాయం చుట్టూ కొత్త చెక్క గుండ్రంగా, గారె అంచులా అన్నివైపులా సమానంగా ఉబ్బుతుంది. మానుతో సమంగా కోసినచోట రెండు పక్కలే ఉబ్బి, పైనా కిందా ఖాళీగా, కన్ను ఆకారంలో మిగులుతుంది. మొండి వదిలినచోట ఉబ్బు మొండి మొదట్లోనే ఆగిపోయి, ముందున్న పుల్ల బూడిద రంగుకు తిరిగి ఉంటుంది.